గాలి దారులు చదివిన నెల్లూరు బిడ్డ – డాక్టర్ పంచేటి కోటేశ్వరం గారు

ఏప్రిల్, మే నెలల్లో భిలాయి సాయంత్రాలు ఎలా ఉంటాయో ఇక్కడి మన తెలుగువారికి వేరే చెప్పక్కర్లేదు. పగలంతా నిప్పులు చెరిగే ఎండ. నాలుగు దాటాక ఆకాశంలో ఓ మూల నల్లటి మబ్బు. ఆ వెంటనే దుమ్ము లేపుకుంటూ ఈదురుగాలి. ఇక్కడివాళ్ళు దాన్ని అంధడ్ అంటారు. సెక్టార్లలో చెట్ల కొమ్మలు విరిగిపడతాయి, కరెంటు పోతుంది, కాసేపటికి నాలుగు చినుకులు పడి చల్లబడుతుంది. హమ్మయ్య అనుకుని కుర్చీలు బయట వేసుకుంటాం. కానీ అదే సమయంలో రాయపూర్ విమానాశ్రయంలో దిగబోతున్న పైలట్‌కి ఆ గాలి ఉపశమనం కాదు, ప్రాణగండం.

అందుకే ఏ పైలట్ అయినా ఇంజను స్టార్ట్ చేసే ముందు ఒక చిన్న కాగితం చదువుతాడు. అందులో అంకెలు, అక్షరాలు కలిసిపోయి, చూసేవాళ్ళకి ఏదో రహస్య లిపిలా కనిపిస్తాయి. మన సంఘంలో వైమానిక దళంలో పనిచేసి వచ్చిన పెద్దలకు ఆ కాగితం పాత స్నేహితుడే. పదాతి దళంలోనో, నౌకాదళంలోనో చేసినవారికి అంత పరిచయం ఉండకపోవచ్చు. ఆ కాగితాన్ని ఎలా చదవాలో ఈ వ్యాసంలో చెప్పుకుందాం. అయితే అంతకంటే ముందు చెప్పుకోవలసిన మనిషి ఒకరున్నారు. ఆ కాగితం మీద ఒక్క మాట రాయాలన్నా ఆకాశంలో ఎంత ఎత్తు దాకా చూడాలో మన దేశానికి నేర్పినవారిలో ముందు వరసలో నిలిచిన తెలుగువారు, డాక్టర్ పంచేటి కోటేశ్వరం గారు. వాతావరణ శాస్త్రం చదివే ప్రతి విద్యార్థికీ తెలిసిన పేరు అది. మన తెలుగు ఇళ్ళల్లో మాత్రం వినిపించాల్సినంతగా వినిపించదు.

నెల్లూరు నుంచి వాతావరణ శాఖకు

కోటేశ్వరం గారు 1915 మార్చి 25న నెల్లూరులో జన్మించారు. నెల్లూరు అంటే ఒక పక్క పెన్న, ఇంకో పక్క బంగాళాఖాతం. అక్టోబరు, నవంబరు వచ్చిందంటే తుపాను ఎటు వస్తుందోనని సముద్రం వైపు చూసే ప్రాంతం. అక్కడి రైతుకీ, జాలరికీ గాలివాన అనేది పుస్తకంలో చదివే విషయం కాదు, పంట చేతికి వస్తుందా, పడవ ఒడ్డుకి వస్తుందా అన్న ప్రశ్న. అలాంటి నేల మీద పుట్టినాయన భారత వాతావరణ శాఖలో చేరి, ఒక్కో మెట్టూ ఎక్కి, చివరికి ఆ శాఖకే అధిపతి అయ్యారు.

1875లో ఏర్పడిన ఆ శాఖ మన దేశంలోని పాత శాస్త్రీయ సంస్థల్లో ఒకటి. మొదట్లో దాని పని ముఖ్యంగా వర్షాలు, తుపానులు, రైతులు, ఓడలు. విమానాలు వచ్చాక ఇంకో బరువు నెత్తిన పడింది. ఓడ కెప్టెన్‌కి సముద్రం మీద గాలి తెలిస్తే చాలు. పైలట్‌కి అలా కాదు. నేల మీద గాలి తెలియాలి, వెయ్యి అడుగుల దగ్గర తెలియాలి, పదివేల అడుగుల దగ్గర కూడా తెలియాలి.

ఆ పైగాలిని కొలిచే పద్ధతి చూస్తే ఇప్పటి పిల్లలకు నవ్వు రావచ్చు. హైడ్రోజన్ నింపిన చిన్న బెలూన్‌ని వదిలేవారు. దానికి పైలట్ బెలూన్ అని పేరు. కింద ఒక మనిషి, సర్వే పనుల్లో వాడే లాంటి థియోడొలైట్‌కి కన్ను ఆనించి, ఆ బెలూన్ ఎటు కొట్టుకుపోతోందో నిమిషం నిమిషానికీ కోణాలు నమోదు చేసేవాడు. ఆ కోణాల నుంచి లెక్క కట్టి, ఏ ఎత్తులో గాలి ఎటు నుంచి ఎంత వేగంతో వీస్తోందో రాసేవారు. పద్ధతి మంచిదే. ఒకటే చిక్కు, బెలూన్ మబ్బులోకి వెళ్ళిందంటే ఇక కనపడదు. అంటే జూన్ నుంచి సెప్టెంబరు దాకా, ఆకాశం గురించి ఎక్కువ తెలుసుకోవాల్సిన నాలుగు నెలల్లోనే, మన కంటికి మబ్బు అడ్డం పడేది. మబ్బు పైన ఏం జరుగుతోందో చాలావరకు ఊహే.

యుద్ధం నేర్పిన పాఠం

రెండో ప్రపంచ యుద్ధం ఈ పరిస్థితిని మార్చింది. 1944లో అమెరికా వారి బి-29 బాంబర్లు జపాన్ మీదికి ముప్పైవేల అడుగుల ఎత్తులో వెళ్ళినప్పుడు, పైలట్లు ఎప్పుడూ ఎరగని గాలిని చూశారు. పడమటి నుంచి వచ్చే ఆ గాలి వెనకనుంచి తోస్తే విమానం అనుకున్నదానికంటే ఎంతో వేగంగా లక్ష్యాన్ని దాటిపోయేది. ఎదురు వస్తే విమానం ఉన్నచోటే నిలబడినట్టు అయ్యేది. వేసిన బాంబులు ఎక్కడో పడేవి. ఇలాంటి సన్నని, అతివేగమైన పైగాలి ప్రవాహానికి జెట్ స్ట్రీమ్ అని పేరు స్థిరపడింది. మనం జెట్ ప్రవాహం అందాం.

యుద్ధం తర్వాత ఇంకో మేలు కూడా జరిగింది. బెలూన్‌కి రేడియో పరికరం కట్టి వదిలి, దాన్ని కింద నుంచి రేడియో సంకేతాలతోనో, రాడార్‌తోనో వెంటాడే పద్ధతి వ్యాపించింది. ఇప్పుడు మబ్బు అడ్డం కాదు. మన దేశంలో కూడా కొన్ని కేంద్రాల నుంచి వానాకాలంలో పైగాలుల అంకెలు రావడం మొదలైంది. అంకెలు వస్తే సరిపోదు, వాటిలో కథ చదివేవాడు కావాలి. ఆ పని కోటేశ్వరం గారి తరం మీద పడింది.

అప్పటికి లోకం ఎరిగిన జెట్ ప్రవాహాలు పడమటి నుంచి తూర్పుకి వీచేవి. చలికాలంలో మన ఉత్తర భారతం మీద, హిమాలయాలకు దక్షిణంగా, అలాంటి పశ్చిమ జెట్ ఒకటి ఉంటుంది. రుతుపవనాలు వచ్చే వేళకి అది హిమాలయాలు దాటి ఉత్తరానికి తప్పుకుంటుంది. మరి అది తప్పుకున్నాక దక్షిణ భారతం పైన ఏముంటుంది? ఈ ప్రశ్నకు జవాబు మన కోటేశ్వరం గారి దగ్గర దొరికింది.

తూర్పు జెట్ ప్రవాహం

వానాకాలంలో నేల మీద మనకు తగిలే గాలి నైరుతిది. కానీ దాని నెత్తిన, సుమారు 14 నుంచి 16 కిలోమీటర్ల ఎత్తులో, అంటే నలభై అయిదు, యాభైవేల అడుగుల దగ్గర, పూర్తిగా ఎదురు దిశలో, తూర్పు నుంచి పడమటికి ఒక మహా ప్రవాహం పారుతుంది. వేగం 60 నుంచి 100 నాట్లు, అంటే గంటకు దాదాపు 110 నుంచి 185 కిలోమీటర్లు. ఆగ్నేయాసియా వైపు బలం పుంజుకుని, మన ద్వీపకల్పం మీదుగా అరేబియా సముద్రం దాటి ఆఫ్రికా దాకా పోతుంది. జూన్‌లో వస్తుంది, సెప్టెంబరుకి సడలిపోతుంది. రుతుపవనంతో పాటే దాని రాక, దానితో పాటే పోక.

ఈ ప్రవాహం ఉనికిని 1952లో కోటేశ్వరం గారు సహోద్యోగితో కలిసి గుర్తించారు. తర్వాత కొంతకాలం అమెరికాలోని షికాగో విశ్వవిద్యాలయంలో ఉండి ఈ విషయం మీదే లోతుగా పనిచేశారు. 1958లో టెల్లస్ అనే అంతర్జాతీయ శాస్త్ర పత్రికలో వచ్చిన ఆయన వ్యాసంతో ఉష్ణమండలపు తూర్పు జెట్ అనే మాట ప్రపంచ వాతావరణ శాస్త్రంలో స్థిరపడిపోయింది. ఈ రోజుకీ రుతుపవనాల మీద ఏ దేశంలో పాఠం చెప్పినా ఆ పేరు దాటి వెళ్ళలేరు.

దానికి కారణం కూడా ఆయన చూపించారు. వేసవిలో టిబెట్ పీఠభూమి బాగా వేడెక్కుతుంది. అంత ఎత్తున ఉన్న నేల కాబట్టి పై వాతావరణాన్నే నేరుగా వేడి చేస్తుంది. ఉత్తరాన వేడి, దక్షిణాన సముద్రం మీద దానికంటే చల్లదనం. ఈ తేడా వల్లే పైన గాలి తూర్పు నుంచి పడమటికి పరుగులు తీస్తుంది. చలికాలంలో ఈ లెక్క తిరగబడుతుంది కాబట్టి అప్పుడు తూర్పు జెట్ ఉండదు.

ఇంతకీ అంత పైన ఏం పారితే మనకేంటి అని అడగవచ్చు. ఇంట్లో కట్టెల పొయ్యి గుర్తు చేసుకోండి. కింద ఎంత మంట పెట్టినా పైన పొగ పోయే దారి లేకపోతే మంట నిలవదు. వాన మేఘం కూడా అంతే. కింద నలువైపుల నుంచీ తేమగాలి వచ్చి కలవాలి, పైన ఆ గాలి విడిపోయి బయటికి పోవాలి. రెండూ ఒకే చోట ఒకదాని మీద ఒకటి కుదిరితేనే పెద్ద మేఘం లేస్తుంది. తూర్పు జెట్ వేగం పుంజుకునే భాగంలో, దానికి ఉత్తరం వైపున, పైగాలి ఇలా విడిపోతుంది. మన దేశంలో వానలకు అది చేయి అందిస్తుంది. అదే ప్రవాహం పడమటి కొసన వేగం తగ్గేచోట, ఉత్తరం వైపు గాలి కిందికి దిగుతుంది. అరేబియా, సహారాల ఎండుతనానికి అది కూడా ఒక కారణమని ఆయన వివరణ. మనకు వాన, వాళ్ళకు ఎడారి, రెండింటినీ ఒకే ప్రవాహానికి ముడివేసి చూపిన ఆలోచన అది.

అదే 1958లో బంగాళాఖాతంలో వాయుగుండాలు ఎలా పుడతాయో ఇంకొక సహచరుడితో కలిసి రాశారు. అక్కడా ఇదే సూత్రం. కింద ఉన్న అల్పపీడనం మీదికి పైగాలి విడిపోయే ప్రాంతం వచ్చి నిలిస్తే అది వాయుగుండంగా బలపడుతుంది. జులై, ఆగస్టుల్లో బంగాళాఖాతంలో పుట్టి, ఒడిశా మీదుగా మన ఛత్తీస్‌గఢ్‌కి వచ్చి, రెండు మూడు రోజులు ముసురు పట్టించే వానలు చాలావరకు ఈ వాయుగుండాలు తెచ్చినవే. కాబట్టి భిలాయిలో గొడుగు తీసే ప్రతి మనిషికీ ఆయన శాస్త్రంతో చుట్టరికం ఉంది.

కలకత్తా ఆకాశంలో కామెట్

ఇవన్నీ పండితుల చర్చలు మాత్రమే కాదు, మనుషుల ప్రాణాలతో ముడిపడినవి అని లోకానికి గుర్తు చేసిన సంఘటన ఒకటుంది. 1952 మే 2న బ్రిటన్ వారి కామెట్ విమానంతో ప్రపంచంలో మొదటి జెట్ ప్రయాణికుల సర్వీసు మొదలైంది. సరిగ్గా ఏడాదికి, 1953 మే 2 సాయంత్రం, సింగపూర్ నుంచి లండన్ వెళ్ళే కామెట్ ఒకటి కలకత్తా డమ్‌డమ్ నుంచి ఢిల్లీకి బయలుదేరింది. పైకి లేచి ఆరు నిమిషాలు కూడా గడవకముందే ఉరుములతో కూడిన ఈదురుగాలిలో చిక్కి గాలిలోనే విరిగిపోయింది. అందులో ఉన్న 43 మందీ చనిపోయారు. తర్వాతి ఏడాది మరి రెండు కామెట్‌లు లోహం అలసట వల్ల కూలాయి, అది వేరే కథ. కలకత్తా ప్రమాదంలో మాత్రం ఆ ఈదురుగాలి మేఘమే ప్రధానంగా ముందుకొచ్చింది.

బెంగాల్‌లో దాన్ని కాలబైశాఖి అంటారు. ఛోటానాగపూర్ పీఠభూమి మీద మధ్యాహ్నం లేచి, సాయంత్రానికి కలకత్తా వైపు దూసుకుపోతుంది. మన అంధడ్‌కి అది దగ్గరి బంధువే. ఎప్పుడు, ఏ రోజు అది విజృంభిస్తుంది? 1958లోనే కోటేశ్వరం గారు మరో సహచరుడితో కలిసి గంగా తీర పశ్చిమ బెంగాల్ ఉరుముల గాలివానల మీద పరిశోధన ప్రచురించారు. పొయ్యి సూత్రం అక్కడ కూడా నిలబడింది. కింద సముద్రపు తేమ వచ్చి కలిసే చోటుకి సరిగ్గా పైన, పైగాలి విడిపోయే ప్రాంతం కుదిరిన రోజున ప్రమాదం ఎక్కువ. అంటే పొద్దున్నే పైగాలుల పటం చూసి, సాయంత్రం జాగ్రత్త అని చెప్పడానికి ఒక ఆధారం దొరికిందన్న మాట.

డకోటాలు పదివేల అడుగుల లోపు ఎగిరినన్నాళ్ళు ముప్పై, నలభైవేల అడుగుల గాలి ఎవరికీ పెద్దగా పట్టలేదు. జెట్‌లు వచ్చాక అది రోజువారీ అవసరం అయింది. తూర్పుకి పోయే విమానానికి ఇంధనం ఎంత పోయాలి, పడమటికి పోయేదానికి ఎంత, అన్న లెక్క పైగాలి మీదే ఉంటుంది. ఎదురుగాలిని తక్కువ అంచనా వేస్తే గమ్యం చేరేసరికి ట్యాంకు అడుగంటుతుంది. అప్పుడు కింద ఉరుముల మబ్బు కూర్చుని ఉంటే ఇంకో విమానాశ్రయానికి పోయే వీలు కూడా ఉండదు. పైగాలి, కింది వాతావరణం, రెండూ కలిసి పైలట్ మెడకి చుట్టుకునేది అలాంటప్పుడే.

ఆ కాగితం చదవడం ఎలా

ఇప్పుడు మొదట చెప్పిన కాగితం దగ్గరికి వద్దాం. విమానాశ్రయం దగ్గర ఇప్పుడు వాతావరణం ఎలా ఉందో చెప్పేది మెటార్. రాబోయే గంటల్లో ఎలా ఉండవచ్చో చెప్పేది టాఫ్. మెటార్ చూసింది చెబుతుంది, టాఫ్ అంచనా చెబుతుంది. ఈ తేడా మర్చిపోకూడదు. ఇందులో రహస్యమేమీ లేదు. మన దళాల్లో సందేశాలు దాచడానికి వాడే సంకేత లిపి వేరు, ఇది వేరు. టెలిప్రింటర్ల కాలంలో తక్కువ అక్షరాల్లో, ఏ దేశం పైలట్‌కైనా ఒకేలా అర్థం కావడానికి పెట్టుకున్న పొట్టి భాష ఇది. ఉదాహరణ కోసం ఒక వరస కూర్చి చూపిస్తాను, ఇది ఏ ఒక్క రోజుదీ కాదు.

టాఫ్ వీఈఆర్‌పీ 121100జెడ్ 1212/1312 24008కేటీ 5000 హెచ్‌జెడ్ ఎస్‌సీటీ040 టెంపో 1212/1216 30025జీ40కేటీ 2000 టీఎస్‌ఆర్‌ఏ ఎఫ్‌ఈడబ్ల్యూ030సీబీ

వీఈఆర్‌పీ అంటే రాయపూర్ విమానాశ్రయం. ప్రపంచంలో చాలా విమానాశ్రయాలకు ఇలాంటి నాలుగక్షరాల పేరు ఉంటుంది. తర్వాతి అంకెల్లో 12 తేదీ, 1100 సమయం. జెడ్ అంటే గ్రీనిచ్ సమయం. దానికి అయిదున్నర గంటలు కలుపుకుంటే మన సమయం, అంటే సాయంత్రం నాలుగున్నరకు ఇది రాశారు. 1212/1312 అంటే 12వ తేదీ 12 గంటల నుంచి 13వ తేదీ 12 గంటల దాకా చెల్లుతుంది. మన లెక్కలో సాయంత్రం అయిదున్నర నుంచి మర్నాడు సాయంత్రం అయిదున్నర వరకు. తేదీని కూడా ఇలా కలిపి రాసే పద్ధతి 2008 నవంబరు నుంచి వచ్చింది. అంతకుముందు సర్వీసులో ఉన్నవారు చూసిన టాఫ్ కొంచెం వేరుగా ఉండేది.

24008కేటీలో మొదటి మూడంకెలు గాలి వచ్చే దిశ. 240 డిగ్రీలు అంటే ఇంచుమించు నైరుతి. వేగం 8 నాట్లు. 5000 అంటే చూపు అయిదువేల మీటర్లు ఆనుతుంది. హెచ్‌జెడ్ అంటే మసక. ఎస్‌సీటీ040 అంటే నాలుగువేల అడుగుల దగ్గర ఆకాశాన్ని ఎనిమిది భాగాలు చేస్తే మూడు నాలుగు భాగాల్లో మబ్బు. ఇంతవరకు చదివితే అంతా మామూలే, దిగిపోవచ్చు అనిపిస్తుంది.

అసలు విషయం టెంపో అన్న మాట తర్వాత ఉంది. సాయంత్రం అయిదున్నర నుంచి రాత్రి తొమ్మిదిన్నర మధ్య, ఉండి ఉండి, గాలి వాయవ్యానికి కొంచెం పడమరగా తిరిగి 25 నాట్లకి పెరుగుతుంది, మధ్యలో 40 నాట్ల విసురు వస్తుంది. చూపు రెండువేల మీటర్లకి పడిపోతుంది. టీఎస్‌ఆర్‌ఏ అంటే ఉరుములతో వాన. చివరి సీబీ అంటే క్యుములోనింబస్, అంటే ఆ ఈదురుగాలి మేఘమే. ఎఫ్‌ఈడబ్ల్యూ అంటే ఎనిమిదింట ఒకటి రెండు భాగాలే. ఒకటి రెండు భాగాలే కదా అని తేలిగ్గా తీసుకోవడానికి వీల్లేదు. మబ్బు కొంచెమే కావచ్చు, అది ఏ మబ్బు అన్నదే ముఖ్యం.

టెంపో అంటే తాత్కాలికం. ఒక్కో విడత గంట లోపే ఉండాలి, అన్నీ కలిపి చెప్పిన వ్యవధిలో సగానికి తక్కువే ఉండాలి. బీఈసీఎంజీ అని ఉంటే మార్పు మెల్లగా వచ్చి అలాగే నిలిచిపోతుందని. ప్రాబ్ 30, ప్రాబ్ 40 అంటే నూటికి 30, 40 పాళ్ళు అవకాశం. 30కి తక్కువైతే రాయనే రాయరు. సగానికి సగం అవకాశం ఉంటే ప్రాబ్ మాట వాడరు, నేరుగా టెంపో అనో, బీఈసీఎంజీ అనో రాస్తారు. 9999 అంటే చూపు పది కిలోమీటర్లు లేదా ఆపైన. కేవోకే అన్న మాట ఉంటే పైలట్‌కి పండగ, చూపు బాగుంది, కింద అడ్డం వచ్చే మబ్బు లేదు, ఇబ్బంది పెట్టే వాతావరణం లేదు అని.

ఇందులో గమనించాల్సింది ఏమంటే, ఈ భాషలో గొప్పలు చెప్పుకునే చోటు లేదు. తెలిసినది తెలిసినట్టు, అనుమానం ఉన్నది అనుమానంగా, ఎంత అనుమానమో అంత అంకెగా చెప్పాలి. రాసినాయన అంత నిజాయితీగా రాస్తే, చదివేవాడు కూడా అంత శ్రద్ధగా చదవాలి. తాత్కాలికమే కదా అని టెంపోని దాటేసి మొదటి వరస ఒక్కటే చదివితే, దిగాల్సిన నిమిషమే ఆ తాత్కాలికంలో పడవచ్చు. కలకత్తా కామెట్‌కి ఆ ఆరు నిమిషాలే మొత్తం జీవితం అయ్యాయి.

ఇంకో సంగతి. టాఫ్ విమానాశ్రయం చుట్టుపక్కల కొద్ది కిలోమీటర్ల మేరకే. అందులో తూర్పు జెట్ అన్న మాట ఎక్కడా కనిపించదు. పైగాలులకు వేరే పటాలు ఉంటాయి. కానీ టెంపో పక్కన టీఎస్‌ఆర్‌ఏ రాయాలా వద్దా అని బల్ల ముందు కూర్చున్న ఫోర్‌కాస్టర్ ఆలోచిస్తున్నప్పుడు, అతని ముందున్న పటంలో పైగాలి ఎక్కడ విడిపోతోందో చూడటం ఆ తరం వారు వేసిన బాటే.

శాఖాధిపతిగా

కోటేశ్వరం గారు 1969 నుంచి 1975 దాకా భారత వాతావరణ శాఖకు డైరెక్టర్ జనరల్‌గా ఉన్నారు. అవి తేలికైన సంవత్సరాలు కావు. 1970 నవంబరులో బంగాళాఖాతంలో పుట్టిన తుపాను అప్పటి తూర్పు పాకిస్తాన్‌లో మూడు లక్షల మందికి పైగా పొట్టన పెట్టుకుంది. 1971 అక్టోబరులో ఒడిశా తీరాన్ని ఇంకో తుపాను వేలమందితో తుడిచిపెట్టింది. ఆ డిసెంబరులోనే యుద్ధం. 1972లో రుతుపవనం దెబ్బతిని దేశమంతా కరవు. ప్రకృతి ఒక్కో ఏడాది ఒక్కో పరీక్ష పెట్టిన కాలంలో ఆయన ఆ కుర్చీలో కూర్చున్నారు.

తుపానుల దారి మీద, వాటి పై భాగపు నిర్మాణం మీద ఆయన అప్పటికే 1960లలో పరిశోధనలు చేసి ఉన్నారు. ఆయన హయాంలోనే 1970లో విశాఖపట్నంలో తుపానును పసిగట్టే రాడార్ పెట్టారు. ఆ రకం రాడార్లలో దేశంలో అదే మొదటిది. తర్వాత తూర్పు, పడమటి తీరాల్లో ఒక్కొక్కటిగా ఆ వరస పెరిగింది. సముద్రం మీద తుపాను కన్ను ఎక్కడుందో గంట గంటకీ చూడగలగడం మన తీరానికి అప్పుడే మొదలైంది. నెల్లూరులో పుట్టినాయన హయాంలో ఆ మొదటి రాడార్ తెలుగు తీరం మీదే నిలవడం మనకు సంతోషం కలిగించే విషయం.

భిలాయి వారికి దగ్గరగా ఉండే మాట ఇంకొకటి. మన ఉక్కు కర్మాగారం సోవియట్ సహకారంతో నిలిచిందని అందరికీ తెలుసు. 1955లో ఒప్పందం, 1959 ఫిబ్రవరిలో మొదటి బ్లాస్ట్ ఫర్నేస్. అదే స్నేహం సముద్రం మీద కూడా పనిచేసింది. 1973 వేసవిలో భారత, సోవియట్ నౌకలు కలిసి అరేబియా సముద్రం మీద రుతుపవనాన్ని పరిశీలించాయి. ఇస్మెక్స్ అని దాని పేరు. సముద్రం మీద గాలి, తేమ, ఉష్ణోగ్రతలు నౌకల మీద నుంచే బెలూన్లు వదిలి కొలిచారు. తర్వాత 1977లోనూ, 1979లోనూ జరిగిన ఇంకా పెద్ద పరిశీలనలకు అది దారి వేసింది. భిలాయిలో ఇనుము కరిగించడానికి కలిసిన రెండు దేశాలు అక్కడ గాలిని అర్థం చేసుకోవడానికి కలిశాయి. అప్పుడు మన వైపు శాఖకు పెద్ద కోటేశ్వరం గారే.

ప్రపంచ వాతావరణ సంస్థకు ఉపాధ్యక్షులుగా కూడా ఆయన పనిచేశారు. భారత జాతీయ విజ్ఞాన అకాడమీ ఫెలోగా ఎన్నికయ్యారు. ఆంధ్రప్రదేశ్ విజ్ఞాన అకాడమీ కూడా ఆయన్ని గౌరవించింది. 1975లో, శాఖ నూరేళ్ళు నిండిన ఏడాదే, భారత ప్రభుత్వం పద్మభూషణ్ ఇచ్చింది. ఆ ఏడాదే ఆయన పదవీకాలమూ ముగిసింది.

హెచ్చరిక, వినే చెవి

ఆయన పదవి దిగిన రెండేళ్ళకు, 1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెన వచ్చింది. మన తెలుగువారు ఆ తేదీని మర్చిపోలేరు. పదివేల మందిదాకా పోయారు. ఆ తుపాను ఒక కఠినమైన పాఠం మిగిల్చింది. రాడార్ ఉండటం ఒక ఎత్తు, పటం గీయడం ఒక ఎత్తు, ఆ మాట చివరి గుడిసె దాకా వెళ్ళి, విన్నవాడు లేచి నడవడం ఇంకో ఎత్తు. తర్వాతి కాలంలో తుపాను షెల్టర్లు, ముందస్తు తరలింపులు పెరిగాయి. ఇప్పుడు అంతకంటే బలమైన తుపానులు వచ్చినా ప్రాణనష్టం ఎంతో తగ్గింది. శాస్త్రం ఒక చేయి, వినే జనం ఇంకో చేయి, రెండూ కలిస్తేనే చప్పట్లు.

డాక్టర్ కోటేశ్వరం గారు 1997 జనవరి 1న కన్నుమూశారు. తుపాకీ పట్టినవారు కాదు, విమానం నడిపినవారు కాదు. కానీ మన ఆకాశంలో ఎగిరే ప్రతి పైలట్‌కీ, యూనిఫాం ఉన్నా లేకపోయినా, ఆయన పని కాపలా కాస్తూనే ఉంది. సైన్యంలో ముందు వెళ్ళి దారి చూసి వచ్చేవాడికి ఎంత విలువ ఉంటుందో మనకు తెలుసు. కళ్ళకు కనపడని నలభై అయిదువేల అడుగుల ఎత్తున, మబ్బుల వెనక ఏముందో చూసి వచ్చి చెప్పినవారు ఆయన.

మన భిలాయిలో చదువుకుంటున్న తెలుగు పిల్లల్లో వైమానిక దళానికో, పైలట్ శిక్షణకో వెళ్ళాలనుకునేవారు ఉన్నారు. ఉక్కు కర్మాగారం వారి నందిని రన్‌వే చూసి మనసు పారేసుకున్న వాళ్ళూ ఉంటారు. వాళ్ళకి ఇంటి పెద్దలు రెండు మాటలు చెప్పాలి. ఒకటి, రేపు చేతికి టాఫ్ కాగితం వచ్చినప్పుడు మొదటి వరసతో ఆగిపోవద్దు, టెంపో దగ్గర ఇంకోసారి ఆగి చదవమని. రెండు, ఆ నాలుగు అక్షరాల వెనక ఎన్నో ఏళ్ళు బెలూన్ల అంకెలు ముందేసుకుని కూర్చున్న మనుషులున్నారని, వాళ్ళలో ఒకరు మన నెల్లూరు నుంచి వెళ్ళినవారని. వచ్చే వేసవిలో పడమట మబ్బు పట్టి మన సెక్టార్ల మీదికి అంధడ్ వచ్చినప్పుడు, కుర్చీలు లోపల పెట్టుకుంటూ పిల్లలకు ఆ పేరు ఒకసారి చెబుదాం. పంచేటి కోటేశ్వరం గారు.